మన వివరాలే మోసగాడికి పెట్టుబడి

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

సభకు వచ్చిన పెద్దలకు, విద్యార్థులకు, మన గ్రంథాలయ సిబ్బందికి నమస్కారం.

ఇంటర్నెట్ వాడేటప్పుడు మన వివరాలను, మన డబ్బును ఎలా కాపాడుకోవాలో చెప్పమన్నారు. ఈ విషయం ఎత్తగానే చాలామంది ఒకే మాట అంటారు: "నా దగ్గర దాచుకోవడానికి ఏముందండీ? నేనేమన్నా తప్పుడు పనులు చేస్తున్నానా?" దీనికి సూటిగా జవాబు చెప్పకుండా పాస్‌వర్డ్‌ల గురించి ఎంత చెప్పినా తలకెక్కదు. అందుకే ముందు ఆ సంగతి చూద్దాం.

మోసగాడు ఫోన్ చేస్తే మనం ఎందుకు నమ్ముతాం? వాడు మనల్ని ఇంటిపేరుతో సహా పిలుస్తాడు. మన ఖాతా ఏ బ్యాంకులో ఉందో చెబుతాడు. ఆధార్‌లో చివరి 4 అంకెలు చదివి వినిపిస్తాడు. "మీ అమ్మాయి బెంగళూరులో ఉంటుంది కదా" అంటాడు. ఇన్ని తెలిసినవాడు ఆఫీసు మనిషే అయ్యుంటాడని మనం అనుకుంటాం. పోలీసులమని వీడియో కాల్ చేసి, నిన్ను అరెస్ట్ చేశామని బెదిరించి డబ్బు గుంజే "డిజిటల్ అరెస్ట్" అనేది చట్టంలో ఎక్కడా లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో స్వయంగా చెప్పారు. పోలీసులు ఊరూరా చెబుతున్నారు. అయినా బాగా చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు కూడా ఆ వలలో పడుతున్నారు. వాళ్లకు తెలివి లేక కాదు. ఎదుటివాడి చేతిలో వాళ్ల వివరాలు ఉన్నాయి, ఆ వివరాలే వాళ్ల నోరు కట్టేశాయి.

కాబట్టి ప్రైవసీ ఒకటి, సెక్యూరిటీ ఒకటి అని నేను విడదీయను. ఈ రోజు ఊరికే జారిపోయిన వివరం రేపు మోసగాడికి పెట్టుబడి అవుతుంది. మన దగ్గర దాచుకోవాల్సింది తప్పు కాదు, ఆ పెట్టుబడి.

కొన్ని వివరాలు మన ప్రమేయం లేకుండానే పోతాయి. 2021లో ఎయిర్ ఇండియా ప్రయాణికులు 45 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. పేర్లు, పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు, పాస్‌పోర్టు సమాచారం అందులో ఉన్నాయి. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లొచ్చిన తెలుగువాళ్లు ఎందరో ఆ విమానాలు ఎక్కినవాళ్లే. అందులో ప్రయాణికుడు చేసిన పొరపాటు ఏమీ లేదు. మన పేరూ పుట్టిన తేదీ ఎవడో చెప్పగలిగాడంటే దానర్థం వాడు అధికారి అని కాదు. ఇది ఇంట్లో అమ్మమ్మకు, తాతయ్యకు ఒకటికి రెండుసార్లు చెప్పండి.

ఇక మన చేతుల మీదుగా పోయే వివరాలు. వీటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా లెక్కలో మన ఊళ్లలో అన్నిటికన్నా పెద్ద కన్నం ఇదే: నెట్ సెంటర్, జిరాక్స్ షాపు.

ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టాలి, కాలేజీలో అడ్మిషన్ కావాలి, సచివాలయంలో ఏదో సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏం చేస్తాం? షాపు గోడ మీద అంటించిన నంబరుకు ఆధార్, పాన్, పదో తరగతి మార్కుల జాబితా అన్నీ వాట్సాప్ చేస్తాం. అతను ప్రింట్ తీసి 10 రూపాయలు తీసుకుంటాడు, మనం ఇంటికి వెళ్లిపోతాం. మన ఆధార్ మాత్రం ఆ కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉండిపోతుంది. మనకంటే ముందు వచ్చినవాళ్లది, తర్వాత వచ్చేవాళ్లది కూడా అక్కడే ఉంటుంది. షాపు నడిపే మనిషి మంచివాడే కావచ్చు, మనకు తెలిసిన కుర్రాడే కావచ్చు. కానీ ఆ కంప్యూటర్ ముందు రోజంతా ఎవరెవరు కూర్చుంటారో అతనికే తెలియదు.

"ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా" అంటారు. ఉంటుంది. ఆ పాస్‌వర్డ్ ఏమిటి? ఇంగ్లీషులో మన పేరులోని మొదటి 4 అక్షరాలు, ఆ తర్వాత పుట్టిన సంవత్సరం. మన పేరు తెలియనివాడు ఎవడు? పుట్టిన సంవత్సరం పక్కనే ఉన్న మార్కుల జాబితాలో ఉంటుంది. ఆ తాళం ఉన్నా లేనట్టే.

అయితే మానేయమంటారా అంటే, మానేయడం కుదరదు. ఇంట్లో ప్రింటర్ ఉన్నవాళ్లు మనలో ఎంతమంది? చేయగలిగింది చేద్దాం. 12 అంకెలూ తప్పనిసరి కాని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో మొదటి 8 అంకెలు కనిపించవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఆ అవకాశం ఉంటుంది. ప్రింట్ అయ్యాక "బాబూ, ఆ ఫైలు డౌన్‌లోడ్స్‌లోంచి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసెయ్" అని అక్కడే నిలబడి అడగండి. ఇందులో మొహమాటం వద్దు. ఆ తర్వాత వాట్సాప్‌లో మీరు పంపిన మెసేజ్‌ను అందరికీ కనిపించకుండా డిలీట్ చేయండి. ముందు మీరు డిలీట్ చేసి ఊరుకుంటే, అతని కంప్యూటర్లో దిగిన కాపీ అలాగే ఉంటుంది. జిరాక్స్ కాపీ ఇచ్చేటప్పుడు దాని మీద అడ్డంగా "ఫలానా పనికి మాత్రమే" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. మన పెద్దలు ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది. మధ్యలో మనం వదిలేశాం.

నెట్ సెంటర్లో మీ మెయిల్ తెరవాల్సి వస్తే ఇన్‌కాగ్నిటో కిటికీలో, అంటే చూసినవి ఆ కంప్యూటర్లో గుర్తుపెట్టుకోని కిటికీలో, తెరవండి. అది మూసేయగానే లాగిన్లు పోతాయి. కానీ అందులో డౌన్‌లోడ్ చేసిన ఫైలు మాత్రం పోదు, దాన్ని మీరే తీసేయాలి. లాగౌట్ చేయడం మర్చిపోయారని ఇంటికొచ్చాక గుర్తొస్తే టెన్షన్ పడక్కర్లేదు. ఫోన్‌లో గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ దగ్గరకు వెళ్తే మీ అకౌంట్ ఏయే పరికరాల్లో తెరిచి ఉందో కనిపిస్తుంది. అక్కడినుంచే సైన్ అవుట్ చేయొచ్చు.

కాగితం మీద ఉన్న వివరం ఆన్‌లైన్‌లోకి వెళ్తే ఏమవుతుందో మన తెలుగు నేల మీదే చూశాం. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోంచి భూమి దస్తావేజులు డౌన్‌లోడ్ చేశాడు. వాటి మీద రైతుల వేలిముద్రలు, ఆధార్ నంబర్లు ఉన్నాయి. ఆ వేలిముద్రలను రబ్బరు స్టాంపుల్లా తయారు చేసి, వేల సంఖ్యలో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. పొలం కొన్న రైతు తన వేలు ఎక్కడో సిమ్ కార్డు తీస్తోందని కలలోనైనా అనుకుంటాడా? పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలిముద్ర పోతే మార్చుకోలేం. అదే వేలిముద్రతో ఊళ్లో మైక్రో ఏటీఎం, అంటే బ్యాంకు ప్రతినిధి దగ్గరుండే చిన్న మిషన్ దగ్గర బ్యాంకు డబ్బులు కూడా తీయొచ్చు. అందుకే ఆధార్ సంస్థ బయోమెట్రిక్ లాక్ పెట్టింది. లాక్ చేస్తే వేలిముద్రతో ఏ పనీ జరగదు. అవసరమైనప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు. రేషన్, పింఛను వేలిముద్రతో తీసుకునేవాళ్లు ఆ రోజు ముందుగా అన్‌లాక్ చేసుకుని వెళ్లాలి, లేకపోతే మిషన్ ఒప్పుకోదు.

ఇప్పుడు బ్రౌజర్ దగ్గరకు, అంటే మనం సైట్లు చూసే యాప్ దగ్గరకు వద్దాం. మోకాలి నొప్పి గురించి ఒకసారి వెతికితే వారం రోజులు నూనెల ప్రకటనలు వెంటపడతాయి. "ఫోన్ మన మాటలు వింటోంది" అంటారు. వినక్కర్లేదండీ, మనం నడిచిన అడుగుజాడలే చాలు. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లీ అనే ఇంజినీరు కుకీ అనేది తయారు చేశారు. ఒక సైటు మనల్ని గుర్తుపెట్టుకోవడానికి మన బ్రౌజర్లో దాచే చిన్న చీటీ అది. మంచి ఉద్దేశంతో పుట్టింది. తర్వాత ప్రకటనల కంపెనీలు వేల సైట్లలో తమ చీటీలు పెట్టి, మనం ఎక్కడెక్కడ తిరుగుతున్నామో కలిపి చూడటం మొదలుపెట్టాయి. వీటినే థర్డ్ పార్టీ కుకీలు అంటారు. ఆపిల్ సఫారీ 2020లో వీటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022లో ఒక్కో సైటు కుకీలను దాని గదిలోనే బంధించే పద్ధతి అందరికీ తెచ్చింది. గూగుల్ కూడా తన క్రోమ్ బ్రౌజర్‌లోంచి తీసేస్తానని 2020లో చెప్పి, వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ ఆలోచన మానుకుంది. మనలో ఎక్కువమంది వాడేది క్రోమే. అందుకని సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి థర్డ్ పార్టీ కుకీలను మనమే బ్లాక్ చేసుకోవాలి. ఎక్కడో ఒక సైటు సరిగా పనిచేయకపోతే దానికి మాత్రం తెరవండి.

ఇన్‌కాగ్నిటోలో ఉంటే ఎవరికీ కనబడమనుకోవడం పొరపాటు. ఆ కంప్యూటర్లో చరిత్ర మిగలదు, అంతే. మనం చూసే సైటుకు, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్‌కు మనం కనిపిస్తూనే ఉంటాం. దీని మీద అమెరికాలో గూగుల్ మీద 2020లో కేసు వేశారు. 2024లో రాజీ కుదిరి, వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది.

నోటిఫికేషన్ల సంగతి కూడా చెప్పాలి. వార్తల సైటో జాతకాల సైటో తెరవగానే "అలౌ" అని ఒక బాక్సు వస్తుంది. పెద్దవాళ్లు అది నొక్కకపోతే పేజీ రాదనుకుని నొక్కేస్తారు. ఆ రోజునుంచి "మీ ఫోన్‌లో వైరస్ ఉంది" అంటూ హెచ్చరికలు మొదలవుతాయి. ఫోన్‌లో వైరస్ లేదు, ఆ సైటుకు మనం ఇచ్చిన అనుమతి ఉంది. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి తెలియని పేర్లన్నీ తీసేయండి. ఈ రోజు ఇంటికి వెళ్లి మీ అమ్మగారి ఫోన్‌లో చూడండి, కనీసం ఒకటైనా ఉంటుందని నా అనుమానం.

అసలు ప్రమాదం మనం ఏ సైటులో ఉన్నామో చూసుకోకపోవడంలో ఉంది. తిరుమల దర్శనం టికెట్ల కోసం గూగుల్‌లో వెతికి, పైన వచ్చినదాన్ని నొక్కేవాళ్లు ఎందరో. 2023లో టీటీడీ వాళ్లు ఒక నకిలీ వెబ్‌సైట్ గురించి పోలీసులకు ఫిర్యాదు చేస్తూ, అప్పటికి బయటపడ్డ నకిలీలు 41కి చేరాయని ప్రకటించారు. దేవుడి బొమ్మ, గోపురం బొమ్మ, రంగులు అన్నీ ఒకేలా ఉంటాయి. ఒక్క అడ్రస్ మాత్రం ఒకేలా ఉండదు. టీటీడీ అసలు సైటు చివర ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉంటుంది. గవ్ డాట్ ఇన్ అనేది ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు.

అడ్రస్ చదవడానికి ఒక పద్ధతి ఉంది. పైన ఉన్న అడ్రస్‌ను వేలితో నొక్కితే మొత్తం కనిపిస్తుంది. సైటు పేరు అయ్యాక మొదటి స్లాష్ గీత ఎక్కడుందో చూడండి. దానికి ముందున్న పేరును చివరినుంచి వెనక్కి చదవండి. అసలు యజమాని ఆ చివరి ముక్కలోనే ఉంటాడు. మొదట్లో బ్యాంకు పేరు, దేవస్థానం పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు. బ్యాంకుల విషయంలో రిజర్వ్ బ్యాంకు ఒక మంచి పని చేసింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31 లోగా తమ సైట్లను బ్యాంక్ డాట్ ఇన్ కిందకు మార్చాలని ఆదేశించింది. ఆ పేర్లు కేటాయించేది హైదరాబాద్‌లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఐడీఆర్‌బీటీ సంస్థ. బ్యాంకు కాని వాడికి ఆ పేరు దొరకదు.

ఒకప్పుడు అడ్రస్ పక్కన తాళం గుర్తు చూడమని చెప్పేవాళ్లం. ఇప్పుడు అది చాలదు. మనకూ సైటుకూ మధ్య మాటలు ఎవరూ వినలేరని మాత్రమే దానర్థం. అవతల ఉన్నది దొంగ అయినా ఆ తాళం వస్తుంది. ఆ తాళానికి కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగానే దొరుకుతాయి.

కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతకొద్దు. కార్డు వెనక ఉంటుంది, పాస్‌బుక్ మీద ఉంటుంది, యాప్ లోపల ఉంటుంది. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక అనో, ట్రాఫిక్ చలాన్ అనో, పీఎం కిసాన్ అనో ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లో కొత్త యాప్ ఎక్కించే ఫైలు వస్తే తెరవొద్దు. పంపింది సొంత బావమరిది అయినా సరే. ఆయన ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉండి, ఆయన పేరుతో అందరికీ వెళ్తూ ఉండొచ్చు.

రైల్వే స్టేషన్ వైఫై అంటే భయపడేవాళ్లున్నారు. సైట్లతో మన మాటలు ఇప్పుడు చాలావరకు ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మధ్యవాళ్లు చదవలేని రూపంలో, వెళ్తున్నాయి కాబట్టి ఆ భయం పాతదే. ఉచిత వీపీఎన్, అంటే మన ఇంటర్నెట్ రాకపోకలను ఇంకో కంపెనీ మీదుగా పంపే యాప్, మాత్రం నేను వాడమనను. మన రాకపోకలన్నీ ఊరూ పేరూ తెలియని కంపెనీ చేతిలో పెట్టడమే అది.

పాస్‌వర్డ్‌ల గురించి ఒక్క సంగతి. మీ మెయిల్‌కు ఉన్న పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకండి, దానికి రెండంచెల ధ్రువీకరణ, అంటే పాస్‌వర్డ్ కొట్టాక ఇంకోసారి నిర్ధారణ అడిగేది, పెట్టండి. మిగతా అన్నిటి పాస్‌వర్డ్‌లూ మార్చేది ఆ మెయిల్ ద్వారానే. గుర్తుండదనే పెద్దవాళ్లు నోట్‌బుక్‌లో రాసి బీరువాలో పెట్టుకోండి. తప్పని కొందరంటారు, నేననను. అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టడం కంటే అది ఎంతో నయం.

పెన్షనర్లు చాలామంది వచ్చారు కాబట్టి ఒక పెద్దాయన గురించి చెబుతాను. కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి గారు 2012లో, 86 ఏళ్ల వయసులో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. అవి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఈ చట్టం ప్రకారం మన వివరాలు తీసుకునేవాడు ఎందుకు తీసుకుంటున్నాడో చెప్పాలి, పని అయిపోయాక చెరిపేయమని అడిగే హక్కు కూడా ఈ చట్టంలో ఉంది. బట్టల షాపులో బిల్లు వేస్తూ ఫోన్ నంబర్ అడిగితే "ఎందుకు?" అని అడగండి. గొడవ పడక్కర్లేదు, మామూలుగా అడగండి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో తిడతారని, పరువు పోతుందని రాత్రంతా ఆలోచిస్తూ కూర్చుంటే ఆ డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు దాటిపోతుంది. వెంటనే చెబితే దారిలోనే ఆపే అవకాశం ఉంటుంది. పోగొట్టుకున్నవాళ్లను ఇంట్లోవాళ్లు తిట్టకండి. ఆ భయంతోనే వాళ్లు చెప్పడం ఆలస్యం చేస్తారు.

సభ అయ్యాక పేపర్లు చదివే గదిలో సాయంత్రం 6 వరకు కూర్చుంటాను. బయోమెట్రిక్ లాక్ చేసుకోవాలన్నా, మాస్క్‌డ్ ఆధార్ దించుకోవాలన్నా, నోటిఫికేషన్లు తీసేయాలన్నా రండి. ఆధార్‌కు లింకైన నంబర్ ఉన్న ఫోన్ తెచ్చుకోండి, ఓటీపీ దానికే వస్తుంది. ఆ ఓటీపీ నాకు చెప్పకండి, ఎక్కడ కొట్టాలో చూపిస్తాను, మీరే కొట్టండి.