డెబియన్ డీవీడీ-1 రివ్యూ: పాత కంప్యూటర్ కోసం డిస్క్ బర్న్ చేద్దాం

అందరికీ నమస్కారం. ఇదిగో, నా చేతిలో ఉన్నది డెబియన్ 13 ఇన్‌స్టలేషన్ డీవీడీ. డెబియన్ అంటే లినక్స్ రకానికి చెందిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. నిన్న రాత్రే బర్న్ చేశాను. పెన్‌డ్రైవ్ ఉండగా ఇదెందుకని అడుగుతారేమో. మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాదు, డీవీడీ డ్రైవ్ మాత్రం బాగానే ఉంది. మీ దగ్గరా అలాంటిది ఉంటే ఈ వీడియో చూడండి.

ఒకప్పుడు ఉబుంటు అనే మరో లినక్స్ వాళ్లు అడిగినవాళ్లకి సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవారు. షిప్‌ఇట్ అనేవారు దాన్ని. 2011లో ఆపేశారు. ఇప్పుడు ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఐఎస్ఓ (డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండే ఇమేజ్) మామూలు 4.7 జీబీ డీవీడీలో పట్టదు. డెబియన్ వాళ్లు ఇప్పటికీ డీవీడీకి సరిపోయేలా ఇమేజ్ ఇస్తున్నారు, నాకది చాలా నచ్చింది. డీవీడీ-1 ఒక్కటి చాలు, నెట్ లేకపోయినా డెస్క్‌టాప్‌తో సహా ఎక్కుతుంది. నెట్‌ఇన్‌స్ట్ అనే ఇంకో డెబియన్ ఇమేజ్ చిన్నదే, కానీ డెస్క్‌టాప్ అంతా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెట్ నుంచే తెచ్చుకోవాలి. అన్నట్టు, ఫైల్ పేరులో ఏఎండీ64 అని చూసి ఆగిపోకండి. 64 బిట్ ఇంటెల్ ప్రాసెసర్లకీ అదే.

ఇక అసలు విషయం, చెక్‌సమ్, అంటే ఫైల్ తేడా లేకుండా డౌన్‌లోడ్ అయిందో లేదో చూసుకునే కోడ్. మొదటిసారి నేను ఇది వదిలేశాను. ఇన్‌స్టాల్ సగంలో ఒక ప్యాకేజీ (సాఫ్ట్‌వేర్ ఫైల్) చదవలేక ఆగిపోయింది. అప్పటికే పాత పార్టిషన్ చెరిపేశాను! ఆ టెన్షన్ మీకొద్దు. ఐఎస్ఓ ఉన్న ఫోల్డర్‌లోనే ఎస్‌హెచ్ఏ256సమ్స్ అనే ఫైల్ ఉంటుంది. లినక్స్‌లో ఎస్‌హెచ్ఏ256సమ్, విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్ ఇస్తే 64 అక్షరాల వరస వస్తుంది. ఆ ఫైల్‌లో మీ ఐఎస్ఓ పేరు పక్కనున్న వరసా ఇదీ అక్షరం తేడా లేకుండా కలవాలి. కలవకపోతే మళ్లీ డౌన్‌లోడ్ చేయండి, బ్లాంక్ డిస్క్ పాడుచేసుకోకండి.

బర్నింగ్‌కి నేను వాడింది కే3బీ, లినక్స్‌లో డిస్క్‌లు బర్న్ చేసే ప్రోగ్రామ్. ఐఎస్ఓని మామూలు ఫైల్‌లా డిస్క్‌లోకి కాపీ చేస్తే బూట్ కాదు, ఇమేజ్‌గానే బర్న్ చేయాలి. తర్వాత డిస్క్ తెరిస్తే చాలా ఫోల్డర్లు కనిపించాలి. ఒక్క ఐఎస్ఓ ఫైలే కనిపిస్తే తప్పు జరిగినట్టే. స్పీడ్ 4ఎక్స్ పెట్టాను, పావుగంట పట్టింది. పాత డ్రైవ్‌లకి నిదానమే మేలు. బర్న్ అయ్యాక డిస్క్ సరిగ్గా ఉందో చూసే వెరిఫై టిక్ తప్పకుండా పెట్టండి. విండోస్‌లో ఐఎస్ఓ మీద రైట్ క్లిక్ చేస్తే బర్న్ డిస్క్ ఇమేజ్ వస్తుంది. వెరిఫై అందులోనూ ఉంది కానీ స్పీడ్ మన చేతిలో ఉండదు. అందుకే నా ఓటు కే3బీకే.

ఇన్‌స్టాల్ సాఫీగానే జరిగింది. గ్రాఫికల్ ఇన్‌స్టాల్ ఎంచుకుంటే భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది. చూడగానే సంతోషం వేసింది. ఒక్కటే చిరాకు: తర్వాత ఏదైనా కొత్త ప్యాకేజీ పెట్టబోతే డీవీడీ పెట్టమంటుంది. ప్యాకేజీలు ఎక్కడినుంచి తేవాలో రాసి ఉండే సోర్సెస్ లిస్ట్ ఫైల్‌లో సీడీరామ్ అని ఉన్న లైన్ తీసేసి, నెట్ మిర్రర్ (డెబియన్ ఫైళ్ల కాపీ ఉంచే సర్వర్) లైన్ చేర్చండి, ఇక అడగదు.