ప్రింటే కదా అనకండి: యేట్స్ ఇంటి ప్రెస్సులో చేత్తో రంగు దిద్దిన బొమ్మలు

నమస్కారం. జాక్ యేట్స్ బొమ్మలు ఎవరికి చూపించినా ముందు వచ్చే మాట ఒకటుంది. "బాగుంది గానీ, ప్రింటే కదా! ఒరిజినల్ ఎక్కడుంది?" ఈ మాట వినీ వినీ నా ఓపిక అయిపోయింది. అందుకే ఈ వీడియో.

ఐరిష్ కవి డబ్ల్యూ. బి. యేట్స్ ఎవరో మీకు తెలుసు. ఇవాళ ఆయన్ని కాస్త పక్కన కూర్చోబెడదాం. ఈ కథ ఆయన తమ్ముడు జాక్‌ది, మధ్యలో పుట్టిన ఇద్దరు అక్కచెల్లెళ్లు లిలీ, లోలీలది, డబ్లిన్ దగ్గర వాళ్లు నడిపిన కూలా ప్రెస్సులో పనిచేసిన అమ్మాయిలది. ఎక్కువ భాగం ఆ అమ్మాయిలదే.

[తెర మీద: బొమ్మ దగ్గరగా]

జాక్ బొమ్మల్లో ఎవరుంటారంటే ఓడరేవు గట్టు మీద నావికులు, సంతలో గుర్రాల బేరగాళ్లు, వీధిలో నిలబడి పాటలు పాడేవాళ్లు, సముద్రపు ఒడ్డున గుర్రప్పందేలు. పుట్టింది లండన్‌లో, 1871లో. పెరిగింది మాత్రం ఐర్లండ్ పడమటి తీరాన స్లైగోలో, అమ్మమ్మ తాతయ్యల దగ్గర. ఆ రేవు ఊరు ఆయన గీతలోంచి చివరిదాకా పోలేదు. ఇప్పుడు ఆ గీత చూడండి. నల్లగా, బలంగా, తడబాటు లేకుండా ఉంటుంది. దాని పక్కనే రంగు చూడండి. ఒకచోట పలచగా పారింది. ఒకచోట అంచు దగ్గర నీళ్లు నిలిచి, ఆరి, చిక్కబడింది. ఇంకోచోట గీత దాటి వెంట్రుకవాసి బయటికొచ్చింది. గీత మిషన్‌ది, రంగు మనిషి చేతిది. మొత్తం విషయం ఇక్కడే ఉంది.

దీనికి నాకు ముగ్గును మించిన పోలిక దొరకలేదు. సంక్రాంతికి వాకిట్లో పెద్ద ముగ్గు పడుతుంది కదా. గీత వేసేది చెయ్యి తిరిగిన పెద్దక్కో, పిన్నో. రంగులు నింపేది చుట్టూ కూర్చున్న ఆడపిల్లలు. ఇప్పుడు అదే ముగ్గు మూడు వందల వాకిళ్లలో వెయ్యాలనుకోండి. పెద్దక్క ఒక్కతే మూడు వందల చోట్లకి తిరగలేదు. అందుకని తన గీతని చిల్లుల అచ్చుగా చేయించింది. పిండి పోసి తడితే చాలు, ఏ వాకిట్లో అయినా ఆమె గీతే పడుతుంది. రంగులు మాత్రం ప్రతి వాకిట్లోనూ ఎవరో ఒకరు కూర్చుని, చిటికెడు చిటికెడు చేత్తో నింపాల్సిందే. మరి ఆ మూడు వందల ముగ్గుల్లో అసలు ముగ్గు ఏది, నకలు ముగ్గు ఏది? ఈ ప్రశ్నే కుదరదు. అన్నీ అసలు ముగ్గులే. ఏ రెండూ ఒకటి కావు.

మూడు వందలనే సంఖ్య ఊరికే అనలేదు. 1908 జూన్ నుంచి 1915 మే దాకా ఈ ప్రెస్ నెలకొకటి చొప్పున "ఎ బ్రాడ్‌సైడ్" అనే పత్రిక తెచ్చింది. పత్రిక అంటే ఒకే కాగితం, మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు. లోపల పాటలు, పద్యాలు, వాటికి జాక్ బొమ్మలు. ప్రతి సంచికా 300 ప్రతులే. ఏడాది చందా పన్నెండు షిల్లింగులు, పోస్టు ఖర్చుతో కలిపి. ఏడేళ్లలో 84 సంచికలు. గుణించండి. ఇరవై అయిదు వేల రెండు వందల కాగితాలు. ప్రతి కాగితం మీదా సాధారణంగా రెండేసి బొమ్మలకి చేత్తో రంగు. అంటే కుంచె ఎన్ని సార్లు రంగులో మునిగి ఉంటుందో నేను లెక్కకట్టలేను. ఆ పని చేసింది ఊరి బయట ఒక చిన్న ఇంట్లో కూర్చున్న నలుగురైదుగురు ఆడవాళ్లు.

సరే, గీత కాగితం మీదికి ఎలా వస్తుంది? మన ఊళ్లలో ట్రెడిల్ ప్రెస్సులు చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. శుభలేఖ మీద వినాయకుడి బొమ్మకి జింకు బ్లాకు వాడేవాళ్లు, గుర్తుందా? అదే. జాక్ తెల్ల కాగితం మీద నల్ల సిరాతో గీస్తాడు. దాన్ని ఫోటో తీసి జింకు రేకు మీదికి ఎక్కిస్తారు. యాసిడ్‌లో ముంచితే గీత లేని చోటంతా తినేసి, గీత ఒక్కటి ఎత్తుగా మిగులుతుంది. ఆ రేకుని చెక్కకి బిగిస్తే బ్లాకు తయారు. ముగ్గు అచ్చులో పిండి చిల్లుల్లోంచి కిందికి దిగుతుంది, ఇక్కడ సిరా ఎత్తు మీద నిలుస్తుంది. తేడా అంతే. పెద్దక్క గీత అచ్చులోకి చేరింది.

ఇక ప్రెస్. దీని గురించి నేను గంట సేపు మాట్లాడగలను. అది ఆల్బియన్ చేతి ప్రెస్, పోత ఇనుముది, 1853లో చేసింది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కరెంటు లేదు, ఆవిరి లేదు. అచ్చుకి రోలర్‌తో సిరా పట్టించాలి. కాగితం పరిచి, బల్లని లోపలికి తోసి, పిడి లాగితే పైపలక దిగి నొక్కుతుంది. మళ్లీ బల్ల బయటికి లాగి, కాగితం ఎత్తి, ఆరబెట్టాలి. ఒక్క ప్రతికి ఇంత పని. 1903 నాటి ఒక ఫోటో ఉంది, తప్పకుండా చూడండి. లోలీ, అంటే ఎలిజబెత్ యేట్స్, ప్రెస్ దగ్గర నిలబడి ఉంటుంది. బియాట్రిస్ కాసిడీ అనే అమ్మాయి సిరా రోలర్ తిప్పుతుంటుంది. ఎస్తర్ రయన్ బల్ల దగ్గర కూర్చుని ప్రూఫులు చూస్తుంటుంది. గదిలో మగవాడు ఒక్కడూ లేడు. అచ్చు పని మగవాళ్ల సొత్తుగా నడిచే రోజుల్లో అది! నాకు ఈ ఫోటో యేట్స్ పద్యాలంత ఇష్టం.

రెండో అపోహ కూడా ఇక్కడే తీర్చేస్తాను. "డబ్ల్యూ. బి. యేట్స్ ప్రెస్" అని రాస్తుంటారు, మంచి మంచి వాళ్లు కూడా. ఆయన ఏ పుస్తకం వెయ్యాలో చెప్పే సంపాదకుడు. ఆ విషయంలో చెల్లెలితో గొడవలూ పడ్డాడు, అప్పులు మీద పడ్డప్పుడు డబ్బూ సర్దాడు. కానీ ప్రెస్ లోలీది. బ్రాడ్‌సైడ్ మీద ప్రచురణకర్తగా ఉన్న పేరు ఈ. సీ. యేట్స్, అంటే లోలీయే. 1902లో ఎవెలిన్ గ్లీసన్ అనే ఆవిడ డబ్లిన్ దగ్గర డన్‌డ్రమ్‌లో డన్ ఎమర్ అనే సంస్థ పెట్టి యేట్స్ అక్కచెల్లెళ్లని పిలిచింది. ఎమర్ అంటే ఐరిష్ పురాణ వీరుడు కుహూలిన్ భార్య, కుట్టుపనికి పేరుమోసిన ఇల్లాలు. లిలీ ఎంబ్రాయిడరీ చూసుకుంది, లోలీ అచ్చు చూసుకుంది. 1903లో మొదటి పుస్తకం, అన్నగారి పద్యాలే, 325 ప్రతులు. 1908లో అక్కచెల్లెళ్లు విడిపోయి దగ్గర్లోనే చర్చ్‌టౌన్‌లో సొంతంగా కూలా ప్రెస్ పెట్టుకున్నారు. మన కూలీకీ దీనికీ సంబంధం లేదు, కూలా అనేది ఆ ప్రాంతానికి పాత ఐరిష్ పేరు.

ఇప్పుడు అసలు సంగతి, రంగు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. "చేత్తో రంగు వేసినది" అంటే జాక్ స్వయంగా వేశాడనుకుంటారు. పాతిక వేల కాగితాలకి ఆయన రంగులు వేస్తూ కూర్చుంటే ఇక బొమ్మ గీసేదెప్పుడు? జాక్ ఒక నమూనా ప్రతికి రంగులు వేసి ఇచ్చేవాడు. చొక్కా ఈ ఎరుపు, సముద్రం ఈ నీలం అని. దాన్ని ముందు పెట్టుకుని ప్రెస్సులో అమ్మాయిలు మిగతావి దిద్దేవాళ్లు. పెద్దక్క ఒక వాకిట్లో రంగులు నింపి చూపించి, "ఇలా నింపండే" అని చెప్పినట్టు.

మరి ఆ అమ్మాయిలకి కుంచె పట్టడం ఎవరు నేర్పారు? లోలీయే. ప్రెస్సు పెట్టకముందు ఆమె లండన్‌లో కుంచెపని నేర్పే టీచరు. పెన్సిల్ గీతలు లేకుండా, నేరుగా కుంచెతోనే పువ్వు, ఆకు, కాయ వెయ్యడం ఎలాగో పిల్లలకి నేర్పడానికి 1896 నుంచి పుస్తకాలు కూడా రాసింది. అచ్చుపని ఆమె లండన్‌లో కొద్ది రోజుల కోర్సులో నేర్చుకుంది గానీ, కుంచె ఆమె చేతిలో ఏళ్ల తరబడి ఉన్నది. పలచటి నీళ్ల రంగుని ఒక్క విసురులో, మళ్లీ మళ్లీ రుద్దకుండా పరిచే ఒడుపు ఆమెది. ఈ బొమ్మల్లో ఆకాశం చూడండి. రెండోసారి కుంచె పెట్టిన మచ్చ కనబడదు. అది జాక్ గొప్పతనం అనుకుని మెచ్చుకుంటాం. మెచ్చుకోవాల్సింది లోలీ శిష్యురాళ్లని.

కాగితం కూడా పలికేదే. డబ్లిన్ దగ్గర సాగర్ట్ ఊళ్లోని మిల్లులో నార గుడ్డ పేలికలతో, తెల్లబరిచే రసాయనాలు కలపకుండా చేయించిన కాగితం ఈ ప్రెస్సు వాడింది. మంచి గుడ్డ కాగితం నీళ్ల రంగుని తాగుతుంది గానీ చెదరనివ్వదు. కళ్లాపి చల్లి గట్టిపడిన మట్టి వాకిలికీ, సిమెంటు గచ్చుకీ ముగ్గు పట్టడంలో ఉన్న తేడా మీకు తెలుసు కదా, అలాంటిదే.

ఇంకో మాట. ముగ్గుల పోటీల్లో చీటీ మీద గీత వేసినావిడ పేరే ఉంటుంది. బహుమతి ఆవిడకే. చేతులకి రంగులు అంటించుకున్న పిల్లల పేర్లు ఎవరూ రాయరు. కూలాలోనూ అదే జరిగింది. బొమ్మ కింద జాక్ పేరు. దిద్దిన చేతి గుర్తు ఎక్కడా లేదు. అందుకే ఆ ప్రెస్సులో పనిచేసిన అమ్మాయిల పేర్లు నేను గట్టిగా చెప్తున్నాను: ఎస్తర్ రయన్, బియాట్రిస్ కాసిడీ, ఐలీన్ కోలమ్, మాలీ గిల్. ఈ మాలీ గిల్ అసలు పేరు మేరా గిల్. ఐర్లండ్‌లో ఆడవాళ్లు ఆడే కమోగీ అనే కర్రబంతి ఆటకి ఏళ్ల తరబడి జాతీయ సంఘం అధ్యక్షురాలు. 1932లో మొదటి అఖిల ఐర్లండ్ పోటీ గెలిచిన డబ్లిన్ జట్టుకి కెప్టెన్. అంతర్యుద్ధం రోజుల్లో 1923లో జైలుకి కూడా వెళ్లింది. పగలు ప్రెస్సులో అచ్చులు పేర్చిన చెయ్యి అది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

నిజమైనదీ, ఈ మధ్య ఆఫ్‌సెట్‌లో, అంటే రంగులు కూడా మిషనే వేసే ఇప్పటి అచ్చులో కొట్టిందీ ఎలా తేడా కనిపెట్టాలి? భూతద్దం పెట్టండి. రంగు చుక్కలు చుక్కలుగా కనబడితే అది ఆఫ్‌సెట్. చుక్కల్లేకుండా నిండుగా పారి, అంచుల్లో చిక్కబడితే కుంచె. కాగితం వెనక వేలు పెట్టి తడమండి, బ్లాకు నొక్కుడు తగలొచ్చు. వేలు శుభ్రంగా ఉండాలి సుమా.

బ్రాడ్‌సైడ్ ఆగిపోయాక? విడి ప్రింట్లు, గ్రీటింగ్ కార్డులు అమ్ముతూ వచ్చారు. ప్రెస్సుకి తిండి పెట్టింది చాలావరకు ఇవే, పుస్తకాలు పేరు తెచ్చాయి. 1935లోనూ 1937లోనూ బ్రాడ్‌సైడ్ మళ్లీ వచ్చింది, ఏడాదికి పన్నెండేసి, ఈసారి పాటలకి స్వరాలతో సహా. జాక్ తర్వాత్తర్వాత నూనె రంగుల్లోకి వెళ్లిపోయాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో చిత్రకళకి వెండి పతకం తెచ్చుకున్నాడు. అవును, అప్పట్లో ఒలింపిక్స్‌లో బొమ్మలకీ పతకాలుండేవి. స్వతంత్ర ఐర్లండ్‌కి అదే మొదటి ఒలింపిక్ పతకం. లోలీ 1940లో పోయింది. వదినగారు జార్జ్ యేట్స్ నడిపించారు. 1946తో పుస్తకాలు ఆగాయి, రంగుల కార్డులు, ప్రింట్లు ఆ తర్వాతా సాగాయి.

మన వైపు సంబంధం ఏమన్నా ఉందా అంటారా? ఉంది. 1914లో ఇదే ప్రెస్సు రవీంద్రనాథ్ టాగూర్ "ది పోస్ట్ ఆఫీస్" నాటకాన్ని ఇంగ్లీషులో 400 ప్రతులు వేసింది, అన్నగారి ముందుమాటతో. ఆ డబ్లిన్ సాహిత్య బృందంలో తిరిగిన జేమ్స్ కజిన్స్ తర్వాత మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకి వచ్చాడు. 1919లో టాగూర్ ఆయన దగ్గర ఆగినప్పుడే జనగణమనని ఇంగ్లీషులోకి మార్చారు. స్వరాలు రాయడంలో కజిన్స్ భార్య మార్గరెట్ చెయ్యి ఉంది. దీని మీద వేరే వీడియో చెయ్యాలి.

ఒక పని చెప్పి ముగిస్తాను. కూలా ప్రింట్లు ఇప్పుడు డబ్లిన్ ట్రినిటీ కాలేజీ లైబ్రరీలో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. అక్కడో, ఇంకో లైబ్రరీ పేజీలోనో, ఒకే బొమ్మకి రెండు ప్రతులు వెతికి పక్కపక్కన పెట్టండి. నల్ల గీత మీద పని లేదు, అది రెండింట్లోనూ ఒకటే. నావికుడి కోటు అంచు దగ్గర నీలం ఎంతవరకు వచ్చి ఆగిందో చూడండి. ఒకదాంట్లో గీతకి ఇవతల ఆగుతుంది. ఇంకోదాంట్లో కొంచెం దాటుతుంది.