ఇసుక మొత్తం ఒక్కరోజులో కడగకండి

వేదిక మీదున్న పెద్దలకు, ఈ ప్రదర్శన ఏర్పాటు చేసిన మిత్రులకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. నన్ను ట్యాంకు లైట్ల గురించి మాట్లాడమన్నారు. కానీ పొద్దున స్టాళ్ళ మధ్య తిరుగుతుంటే ఒక మాట నా చెవిన పడింది. మెరైన్ ట్యాంకు, అంటే సముద్రపు చేపల్ని పెంచే ఉప్పునీటి తొట్టి, కొంటున్న ఒక కుర్రాడితో అమ్మేవాళ్ళు, "ఏడాదికోసారి ఇసుక మొత్తం తీసి కడుక్కో, సరిపోతుంది" అంటున్నారు. అది విన్నాక నాకు లైట్ల గురించి మాట్లాడబుద్ధి కాలేదు. నిర్వాహకులు మన్నించాలి. ఈ ఇరవై నిమిషాలూ ఇసుకకే.

ముందు ఒక ప్రశ్న. మీలో ఎంతమంది మన బీచ్ ఇసుక తెచ్చి ట్యాంకులో వేశారు? చేతులెత్తండి, మొహమాటపడకండి. చాలామందే ఉన్నారు. సముద్రపు చేపకు సముద్రపు ఇసుకే కదా అనిపిస్తుంది. ఇదిగో, ఈ పొట్లంలో ఉన్నది భీమిలి వైపు నుంచి తెచ్చిన గుప్పెడు. ఇది మాగ్నెట్. చూడండి, నల్లటి గింజలు ఎలా అంటుకుంటున్నాయో. అలలు వెనక్కి వెళ్ళాక తీరం మీద నల్లటి చారలు చూస్తుంటారు కదా, అవే ఇవి. వీటిలో ఇల్మనైట్ ఉంటుంది, అంటే ఇనుము, టైటానియం కలిసిన ఖనిజం. ఎర్రగా మెరిసేవి తూర్పు కనుమల రాళ్ళలోంచి కొట్టుకొచ్చిన గార్నెట్. మిగిలినదంతా దాదాపు క్వార్ట్జ్. అద్దం తుడిచే మాగ్నెట్‌కు ఈ నల్ల గింజ ఒక్కటి పట్టుకున్నా అద్దం నిండా గీతలే. పైగా మన విశాఖ మురుగు కాలవలు ఈ సముద్రంలోనే కలుస్తున్నాయని మీకు తెలుసు. తీరం నుంచి ఇసుక తవ్వి తేవడానికి చట్టం కూడా ఒప్పుకోదు. దయచేసి తేవద్దు.

మరి ఏది వేయాలి? అరగనైట్. ఇది గవ్వలు, పగడాల్లో ఉండే కాల్షియం కార్బొనేటే. ఇది వేస్తే నీటి ఆల్కలినిటీ, అంటే పిహెచ్ పడిపోకుండా ఆపే గుణం, చూడనక్కర్లేదని కొందరంటారు, అది నమ్మకండి. నీటి పిహెచ్ 8 పైన ఉన్నంతకాలం ఇది కరిగేది బహు స్వల్పం. టెస్టు కిట్ కొనాల్సిందే. గింజ సైజు బొంబాయి రవ్వ కంటే కొంచెం లావుగా, 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. మరీ సన్నదైతే పంపు తోసే నీటి వేగానికి ఒక మూలకు ఎగిరి కుప్పపడుతుంది. జొన్న గింజలంత ఉంటే సందుల్లో మేత, మలం ఇరుక్కుని కుళ్ళుతాయి. ఇసుకలో దూరి పడుకునే రాస్ చేపల్ని పెంచేవాళ్ళు మాత్రం సన్నదే వేయాలి, లేకపోతే వాటి ఒళ్ళు గీసుకుపోతుంది. ఇంకొకటి. రాళ్ళు ముందు అడుగు అద్దం మీద నిలబెట్టి, తర్వాత చుట్టూ ఇసుక పోయండి. ఇసుక మీద రాళ్ళు పేరిస్తే, కింద గుంత తవ్వే రొయ్య ఏదో ఒక రాత్రి రాయి కూల్చేస్తుంది.

ఎంత మందం అన్నది తర్వాత చెప్పాలనుకున్నాను. కానీ మందం అనగానే నాకు హుద్‌హుద్ తుఫాను గుర్తొస్తుంది. అది చెప్పకుండా ముందుకు వెళ్ళలేను.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు. మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంకు, అయిదంగుళాల ఇసుక, ఆరేళ్ళుగా పెంచుతున్న క్లౌన్ ఫిష్ జంట. కరెంటు పోయింది. బ్యాటరీ ఎయిర్ పంపు రెండో రోజుకే ఆగిపోయింది. అప్పటినుంచి చెంబుతో నీళ్ళు ముంచడం, పైనుంచి మళ్ళీ ట్యాంకులోనే పోయడం. నేను, నా భార్య, నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి వంతులు వేసుకున్నాం. పాప లెక్కపెట్టేది, "నాన్నా, నాది వంద అయ్యింది, ఇప్పుడు నువ్వు" అని. అయిదు రోజులు అలా చేశాం. చేపలు బతికాయి.

కరెంటు వచ్చింది. చూస్తే అద్దం అంచున ఇసుక నల్లబడి ఉంది. భయపడి షాపుకు ఫోన్ చేశాను. "మొత్తం తీసి కడిగేయండి సార్" అన్నారు. ఆ ఆదివారం చేపల్ని ట్యాంకులోనే ఉంచి, మగ్గుతో అడుగుదాకా తోడేశాను. కుళ్ళిన కోడిగుడ్ల వాసన ఇల్లంతా నిండింది. ఇసుకను కుళాయి నీళ్ళతో తెల్లగా కడిగి మళ్ళీ వేశాను. సాయంత్రానికి చేపలు నీటి పైకి వచ్చి రొప్పుతున్నాయి. తెల్లారేసరికి రెండూ పోయాయి. "తుఫానులో బతికినవి ఇప్పుడెందుకు చచ్చిపోయాయి నాన్నా?" అని అడిగింది పాప.

ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. చేప మలం నుంచి వచ్చే అమోనియాను నైట్రైట్‌గా, నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఇసుక గింజల మీద, రాళ్ళ మీద కాపురం ఉంటుంది. ఆక్సిజన్ అందని లోతులో మరో రకం బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి బయటికి పంపేస్తుంది. పంపు ఆగి రోజులు గడిచేసరికి ఆ లోతులో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంది. నల్లదనం, వాసన దానివల్లే. నేను కదపకపోతే అది అక్కడే ఉండేది. కదిపి ఆ విషాన్ని, దాంతోపాటు కుళ్ళునంతా నీళ్ళలో కలిపాను, ఉన్న ఆక్సిజన్‌ను ఆ కుళ్ళు తాగేసింది. కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌తో, మిగిలిన బ్యాక్టీరియానూ చంపాను. అమ్మా, అయ్యా, నల్లగా కనిపించగానే చెయ్యి పెట్టకండి! పంపు నడవనివ్వండి, నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చండి. ఇసుక తీసేయాల్సిందే అయితే చేపల్ని ముందు వేరే తొట్టిలోకి మార్చండి.

ఇప్పుడు మందం. మొదటిసారి పెట్టేవాళ్ళు ఒకటి నుంచి రెండంగుళాలు చాలనుకోండి. నీళ్ళు మార్చిన ప్రతిసారీ సైఫన్ గొట్టంతో పై పొర మాత్రం, అదీ నాలుగో వంతు, శుభ్రం చేయండి. ఈసారి ఎడమ పక్క అయితే వచ్చేసారి దాని పక్కది. నాలుగంగుళాలు దాటి వేసినవాళ్ళు లోపలికి సైఫన్ దించకండి. పై పొరను కదపడానికి నస్సారియస్ నత్తలు చాలు, మేత వాసన తగలగానే ఇసుకలోంచి పైకి లేస్తాయి. ఇసుకలో పాకే సముద్ర దోసకాయ అనే జీవిని వేయమని విదేశీ వీడియోల్లో చెబుతారు. మన దేశంలో అవి 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. ఎవరైనా అమ్మజూపినా కొనకండి.

కొత్త ట్యాంకులో మొదటి వారాల్లో గోధుమరంగు పొర పడుతుంది. టెన్షన్ పడి ఇసుక తీసేయకండి. అది డయాటమ్స్ అనే కంటికి కనిపించనంత చిన్న నాచు, దానంతటదే తగ్గుతుంది. అమోనియా, నైట్రైట్ పెరిగి, మళ్ళీ రెండూ సున్నా చూపించేదాకా చేపను తేవద్దు. దానికి నెల, నెలన్నర పట్టొచ్చు.

లైట్ల సంగతి ఇక కుదరదు, టైమ్ అయిపోయిందని చెయ్యి చూపిస్తున్నారు. ఒక్క నిమిషం. పాలు తోడుకోవాలంటే పక్కింటి నుంచి తోడు తెచ్చుకుంటాం కదా, బ్యాక్టీరియా పట్టడానికి కొత్త ఇసుకకూ అంతే. ఈ బకెట్లో నా ట్యాంకు ఇసుక ఉంది, కడగనిది, ఉప్పునీళ్ళలోనే తెచ్చాను. చేపలకు మచ్చల జబ్బు ఉన్న ట్యాంకు నుంచి ఎప్పుడూ తోడు తీసుకోకండి, నాదానిలో ఆ జబ్బు లేదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు సంచి తెచ్చుకుని ఇటు రండి, తలా ఒక గ్లాసు పోస్తాను. పొద్దున స్టాల్ దగ్గర కనిపించిన ఆ బాబు ఇక్కడే ఉంటే, ముందు నువ్వు రా.