మూగబోయిన డబుల్యూ, మెలిపడ్డ మాటలు

అందరికీ నమస్కారం. ఏడో తరగతిలో నేను ‘రాంగ్’ అనే మాటకి స్పెల్లింగ్ రాంగ్‌గా రాశాను, ముందున్న డబుల్యూ వదిలేసి ఆర్‌తో మొదలుపెట్టేశాను. మా సారు యాభై సార్లు రాయించారు. పలకని అక్షరం ఎందుకు రాయాలి సార్ అంటే ఇంకో యాభై పడ్డాయి. అప్పుడు రాని జవాబే ఇవాళ చెప్పబోతున్నా.

ఆ డబుల్యూ పుట్టు మూగది కాదండీ. వెయ్యేళ్ల కిందటి ఓల్డ్ ఇంగ్లిష్‌లో దాన్ని శుభ్రంగా పలికేవాళ్లు. బట్టలు పిండడానికి వాళ్ల మాట ‘వ్రింగన్’. అదిప్పుడు ‘రింగ్’ అయి, వేలికి పెట్టుకునే రింగ్‌తో కలిసిపోయింది, చెవికి తేడా తెలీదు. 1476లో కాక్స్టన్ అనే ఇంగ్లిష్ వ్యాపారి లండన్ పక్కన వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చు యంత్రం పెట్టాడు, అక్కణ్ణుంచి స్పెల్లింగులు మెల్లగా గట్టిపడ్డాయి, నోట్లో ఆ శబ్దం పూర్తిగా జారిపోయేసరికి 1600 దాటింది. నోరు వదిలేసినా అచ్చు వదల్లేదు. అసలు ఓల్డ్ ఇంగ్లిష్‌లో ఆ శబ్దానికి ‘విన్’ అని వేరే అక్షరం ఉండేది, చూడ్డానికి ఇంచుమించు ‘పీ’లా ఉంటుంది. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు ఇంగ్లండ్ మీదికి దండెత్తి వచ్చాక వాళ్ల రాయసగాళ్లు దాన్ని పక్కనపెట్టి రెండు ‘యూ’లు పక్కపక్కన రాయడం మొదలుపెట్టారు. పేరు డబుల్ యూ అయింది అందుకే.

డబుల్యూ, ఆర్‌తో మొదలయ్యే మాటల్లో చాలావాటిలో ఒక మెలిక దాగుంది. ఇప్పుడొక పని చెయ్యండి. కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని, ఎడమ అరచెయ్యి అటూ ఇటూ తిప్పండి. మీ వేళ్ల కింద ఎముకలు మెలి తిరుగుతున్నాయి కదా? అదే ‘రిస్ట్’, అంటే తిరిగేది. ఆ చేత్తోనే తడి తువ్వాలు పిండితే ‘రింగ్’. ఎదుటివాడి చెయ్యి మెలిపెట్టి లాక్కుంటే ‘రెస్ట్’ (ఆదివారం మధ్యాహ్నం తీసుకునే రెస్ట్ కాదు, దీనికీ ముందు డబుల్యూ ఉంది), అదే పని మళ్లీ మళ్లీ చేస్తే ‘రెజిల్’, కుస్తీ. తీగెలు మెలేసి చుట్టిన పూలచక్రం ‘రీత్’, నొప్పితో మెలికలు తిరగడం ‘రైద్’, చర్మం మడతపడితే ‘రింకిల్’. మెకానిక్ షెడ్డులో పానా అంటామే, ‘రెంచ్’, అది ఓల్డ్ ఇంగ్లిష్‌లో పనిముట్టు కాదు, ఆ మాటకి అర్థం మోసం, జిత్తు. కోపానికి వాళ్ల మాట ‘రాత్’ కూడా ఈ మెలికల కుటుంబమే.

నాకు బాగా నచ్చింది మాత్రం నన్ను వంద సార్లు రాయించిన ఆ మాటే. ‘రాంగ్’ స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల భాష నుంచి వచ్చింది, అసలర్థం వంకర. దానికి ఎదురు మాట ‘రైట్’కి అసలర్థం తిన్ననిది. మనమూ అంతేగా! తప్పు పడితే వంక పెట్టాడంటాం, పిల్లాడు అల్లరి చేస్తే తిన్నగా ఉండరా అంటాం.

ఇలా ఒకే శబ్దం ఒకే రకం అర్థాన్ని మోసుకుతిరగడానికి 1930లో జె.ఆర్. ఫర్త్ అనే ఇంగ్లిష్ భాషావేత్త ‘ఫోనెస్థీమ్’ అని పేరు పెట్టాడు, అంతకుముందు లాహోర్‌లో ప్రొఫెసర్‌గా చేశాడాయన. కానీ డబుల్యూ పక్కన ఆర్ కనిపించిన చోటల్లా మెలిక వెతక్కండి. నాటక రచయితని ‘ప్లేరైట్’ అంటారు కదా, అందులో ఉన్న ‘రైట్’ అంటే పనివాడు, ‘వర్క్’కి చుట్టం. ఓల్డ్ ఇంగ్లిష్‌లో అది ‘వ్యుర్హ్త’, మధ్యలో ఉన్న అచ్చు (వవల్) ఆర్‌కి అవతలికి జారితే డబుల్యూ, ఆర్ పక్కపక్కన పడ్డాయి, అంతే.

అచ్చంగా ఈ జారుడే మన భాషలోనూ జరిగింది. గీయడానికీ రాయడానికీ తమిళంలో ‘వరై’ అంటారు. మన దగ్గర ర ముందుకు జరిగి ‘వ్రాయు’ అయింది, తర్వాత వ కూడా పోయి ‘రాయు’ మిగిలింది. తమిళంలో ‘విరల్’, మనకి ‘వ్రేలు’, ఇక్కడ మాత్రం ర పోయి ‘వేలు’. ఇంగ్లిష్‌లో రాయడానికున్న ‘రైట్’ కూడా ఒకప్పుడు ‘వ్రీతన్’, గీకడం, చెక్కడం. మన వ్రాతకీ దానికీ చుట్టరికమేమీ లేదు, రెండూ విడివిడిగా అదే దారిన నడిచాయి. తేడా ఒక్కటే, వాళ్లు పలకడం మానేసి రాస్తూనే ఉన్నారు, మనం రాయడం కూడా చాలావరకు మానేశాం. చాలావరకు అని ఎందుకన్నానంటే, ఎవరింట్లోనైనా పాత దస్తావేజు ఉంటే తీసి చివరి పేజీ చూడండి, సంతకం దగ్గర ‘చేవ్రాలు’ అని ఉంటుంది.