ముట్టుకున్నాకే మాట

సంఘ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, యువతీయువకులకు ప్రభువు నామంలో వందనాలు. తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపించే ఈ గుణుపురం సహవాసంలో నన్ను మాట్లాడమన్నందుకు సంతోషం.

మార్కు సువార్త మొదటి అధ్యాయం చివర్లో ఒక కుష్టురోగి యేసు ముందు మోకాళ్లూనుతాడు. అతను రావడమే పెద్ద తెగింపు. లేవీయకాండం 13వ అధ్యాయం ప్రకారం అతను చింపిన బట్టలతో, అపవిత్రుణ్ణని తానే కేకలు వేసుకుంటూ జనానికి దూరంగా బతకాలి. నీకు ఇష్టమైతే నన్ను బాగుచేయగలవు అన్నాడు. యేసుకు శక్తి ఉందన్న నమ్మకం అతనికి గట్టిగానే ఉంది. తన మీద ఆయనకు ఇష్టం ఉంటుందా అన్నదే దిగులు.

ఆ తర్వాత జరిగిన వరుస చూడండి. యేసు కనికరపడ్డాడు, చెయ్యి చాపాడు, ముట్టాడు, ఆ పైనే మాట్లాడాడు. రోగం ఇంకా ఒంటి మీద ఉండగానే ముట్టాడు. శతాధిపతి అనే రోమా సైన్యాధికారి దాసుణ్ణి ఆ ఇంటికి వెళ్లకుండానే బాగుచేసినవాడికి ఇక్కడా ఒక్క మాట సరిపోయేది. అయినా చెయ్యి చాపాడు. ఆ మనిషిని ఎవరైనా ముట్టి ఎన్నాళ్లయిందో! చర్మం బాగుపడకముందే, నువ్వు మాలో ఒకడివి అని ఆ చెయ్యి చెప్పింది. నా దృష్టిలో సేవ అంతా ఈ వరుసలోనే ఉంది. మనం చాలాసార్లు దాన్ని తిరగేస్తాం: ముందు బాగుపడు, తర్వాత దగ్గరికి రా అంటాం.

బైబిల్లో కుష్టు అనే పేరు కింద చాలా రకాల చర్మవ్యాధులు ఉండేవి. మన ఊళ్లలో గొంతు తగ్గించి పెద్దరోగం అనే కుష్టు సంగతి వేరు. దానికి కారణం ఒక సూక్ష్మజీవి అని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనిపెట్టాడు. శాపమూ కాదు, పాపమూ కాదు. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, ఆరు నెలలో ఏడాదో వాడాలి. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటుకునే భయం దాదాపు పోతుంది. అయినా క్రైస్తవులకు వర్తించే విడాకుల చట్టంలో కుష్టు ఒక కారణంగా 2019 దాకా ఉంది. కష్టంలోనూ జబ్బులోనూ విడిచిపెట్టనని బలిపీఠం ముందు ప్రమాణం చేయించే మనకు ఆ సంగతి గుండెల్లో గుచ్చుకోవాలి.

ఈ రోగం తీసుకుపోయేది స్పర్శనే. వేళ్లు వాటంతటవి ఊడిపోవు. నరాలు దెబ్బతిని చెయ్యి మొద్దుబారుతుంది. వేడి గిన్నె పట్టుకున్నా, కాలికి మేకు దిగినా నొప్పి తెలియదు, పుండు ముదురుతుంది. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ సంగతి గట్టిగా నిరూపించి, ముడుచుకుపోయిన చేతులకు ఆపరేషన్లు చేశారు. రోగాన్ని పట్టుకోవడానికి కూడా డాక్టరు మోచేతి వెనక నరాన్ని వేళ్లతో తడిమి చూడాలి. ఆ తర్వాత పాదాలను నీళ్లలో నానబెట్టాలి, గట్టిపడ్డ చర్మం మెల్లగా గీకాలి, నూనె రాయాలి. చూపు తగ్గిన ముసలివాళ్లకు ఆ పాదాన్ని ఇంకొకరు చేతుల్లోకి తీసుకోవాల్సిందే. శిష్యుల పాదాలు కడిగినవాడి పేరు పెట్టుకున్నవాళ్లం, ఈ పని మనది.

మన రాయగడ జిల్లాలోనే బిస్సంకటక్ క్రైస్తవ ఆసుపత్రి ఉంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సన్ 1954లో మొదలుపెట్టారు. కొండ ఊళ్ల తల్లుల నాడి పట్టి చూడటానికి అంత దూరం నుంచి ఒకావిడ వచ్చింది. పక్క వీధికి వెళ్లడానికి మనకు టెన్షన్ ఎందుకు?

అయితే ముట్టే ముందు అడగండి. గుడ్డి బర్తిమయిని కూడా, నేను నీకేం చేయాలి అని యేసు అడిగాడు. ఒక సవర అవ్వకు పరాయివాళ్లు తల మీద చెయ్యి పెట్టడం నచ్చకపోవచ్చు. వద్దంటే పక్కన కూర్చోండి చాలు. పుండు కడుగుతూ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి. ఆమె పరువు మన ప్రచారానికి కాదు.

ఇప్పుడు ఆశా దీదీ వచ్చి మోచేతి నరం ఎలా చూడాలో, పాదాలు ఎలా నానబెట్టాలో చూపిస్తారు. యువత ముందు వరుసలోకి రండి, చేతులు కడుక్కుని రండి.