ఎం.ఎస్. ఉన్నవాళ్ల తిండి, నడక

శ్రోతలందరికీ నమస్కారం.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. ఏటా మే 30న ప్రపంచ మల్టిపుల్ స్క్లెరోసిస్ దినం జరుపుతారు. అది సరిగ్గా ఆ రోహిణి కార్తెలోనే వస్తుంది. ఆ తేదీ పెట్టినవాళ్లకు మన ఎండల సంగతి తెలిసి ఉండదు. ఈ జబ్బుతో బతికే తెలుగువాళ్లకు మాత్రం ఏడాది మొత్తంలో గడ్డురోజులు అవే. ఎందుకో చెబుతాను. ముందు జబ్బు గురించి రెండు మాటలు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటే నోరు తిరగదు కాబట్టి అందరూ ఎం.ఎస్. అనే అంటారు. మెదడులో, వెన్నుపాములో, కంటి నరంలో ఉండే పోగుల మీద మైలిన్ అనే పొర ఉంటుంది, కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగులాగా. జబ్బుల నుంచి మనల్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి ఆ తొడుగు మీద పడుతుంది. అక్కడ సంకేతాలు నెమ్మదిస్తాయి, ఒక్కోసారి ఆగిపోతాయి. దెబ్బ ఎక్కడ తగిలిందన్నదాన్ని బట్టి ఒకరికి చూపు మసకబారుతుంది, ఒకరికి కాలు ఈడుస్తుంది, ఇంకొకరికి నడుము కింద తిమ్మిరి, మరొకరికి మూత్రం ఆపుకోలేని ఇబ్బంది. 1868లో పారిస్‌లో షార్కో అనే వైద్యుడు దీన్ని విడి జబ్బుగా వర్ణించారు. ప్రపంచం మొత్తం మీద సుమారు 28 లక్షల మందికి ఉందని 2020 నాటి అంచనా. మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లు కనీసం రెండింతలు. ఎక్కువమందికి 20, 40 ఏళ్ల మధ్యలో బయటపడుతుంది. పిల్లలు, ఉద్యోగం, ఇంటి అప్పు అన్నీ నెత్తిమీద ఉండే వయసన్నమాట.

నాకూ ఆ వయసులోనే బయటపడింది. రాజమండ్రిలో హైస్కూల్లో లెక్కలు చెబుతాను. డాక్టర్ని కాను కాబట్టి మందుల జోలికి పోను, అది మీ న్యూరాలజిస్టుతో మాట్లాడుకోవాల్సిన విషయం. ఈ జబ్బు పెట్టుకుని తిండి, వ్యాయామం మార్చుకోవడం ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను.

ఎం.ఎస్. అని తెలిసిన రోజు నుంచి ఇంటిల్లిపాదీ చెప్పే మాట ఒకటే: రెస్ట్ తీసుకో. నేను వంటింట్లో అడుగుపెడితే చాలు, మా అత్తయ్యగారు "నువ్వెందుకమ్మా లేచావు, వెళ్లి పడుకో, నేను చూసుకుంటాగా" అనేవారు. ఆవిడది ప్రేమే. కానీ మంచానికి అలవాటు పడేకొద్దీ కాళ్లలో మిగిలిన సత్తువ కూడా పోతుంది. కొన్నాళ్లయ్యాక, ఈ నీరసంలో జబ్బు వాటా ఎంత, కదలకపోవడం వాటా ఎంత అంటే తేల్చి చెప్పడం కష్టం.

ఇందులో అత్తయ్యగారి తప్పేమీ లేదు. వైద్యులే చాలాకాలం ఇదే సలహా ఇచ్చారు. 1890లో ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు, ఈ జబ్బున్నవాళ్లకు శ్రమ చేసినప్పుడు చూపు తగ్గుతోందని గమనించాడు. దాంతో శ్రమ అంటేనే భయం పట్టుకుంది. అసలు కారణం ఒంటి వేడి. పొర దెబ్బతిన్న నరంలో సంకేతం అసలే అంతంతమాత్రంగా నడుస్తుంటుంది, ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా తడబడుతుంది. చల్లబడితే మళ్లీ మామూలైపోతుంది, నరానికి కొత్తగా నష్టమేమీ జరగదు. ఎం.ఆర్.ఐ. స్కాన్లు రాకముందు, అనుమానం ఉన్న మనిషిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి లక్షణాలు పైకి వస్తాయేమో చూసేవాళ్లంటే నమ్ముతారా!

అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 1996లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎం.ఎస్. ఉన్న 54 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టు చేత 15 వారాల పాటు, వారానికి మూడుసార్లు, 40 నిమిషాల చొప్పున చేతులతోనూ కాళ్లతోనూ తిప్పే సైకిల్ చేయించారు. వాళ్లకు ఊపిరి సత్తువ, కండబలం పెరిగాయి, దిగులు తగ్గింది. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాల్లో కూడా వ్యాయామం వల్ల రిలాప్స్‌లు, అంటే జబ్బు మళ్లీ తిరగబెట్టడాలు, పెరిగినట్టు కనిపించలేదు. అంటే కదలడంలో ప్రమాదం లేదు, ఒళ్లు వేడెక్కకుండా చూసుకోవడంలోనే ఉంది కిటుకంతా.

మన ఊళ్లలో అది చిన్న విషయమేమీ కాదు. ఏప్రిల్ వచ్చిందంటే గోదావరి గట్టున కూడా ఏడున్నరకే ఒళ్లు చెమటతో తడిసిపోతుంది, ఆ ఉక్కలో చెమట ఆరదు. అందుకే నేను తెల్లవారకముందే గౌతమీ ఘాట్ వైపు వెళ్తాను. మధ్యలో కూర్చోవడానికి చోటున్న దారే ఎంచుకుంటాను. బయల్దేరే ముందు చల్లటి నీళ్లు తాగుతాను, మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకుంటాను. ఒక తువ్వాలు రాత్రే తడిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఇంకా హాయి. విదేశాల్లో దీనికోసం చల్లదనం పట్టి ఉంచే జాకెట్లు అమ్ముతారు. మన తువ్వాలూ అదే పని చేస్తుంది, పైగా ఉతుక్కోవచ్చు. వడగాడ్పులు వీచే వారాల్లో బయటి నడక పూర్తిగా బంద్. ఫ్యాన్ కింద ఇంట్లోనే. వేడినీళ్ల స్నానం కూడా అంతే, గోరువెచ్చగా ఉంటే చాలు.

చెప్పుల మాట ఒకటి చెప్పాలి. పాదం సరిగా పైకి లేవనివాళ్లకు, స్పర్శ తగ్గినవాళ్లకు హవాయి చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియదు. నాలుగడుగులు వేశాక వెనక ఎవరో "మేడమ్, మీ చెప్పు" అని పిలుస్తారు. మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు గానీ, బూట్లు గానీ వేసుకోవాలి. గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా తీసేయాలి, ఎందుకంటే బొటనవేలు ముందు తగిలేది దానికే. ఇంట్లో ఎన్ని డంబెల్స్ కొన్నా ఆ పట్టా అక్కడే ఉంటే లాభం లేదు.

కెనడా నిపుణులు 2013లో ఒక కొలత ఇచ్చారు. జబ్బు ప్రభావం ఓ మాదిరిగా ఉన్న పెద్దవాళ్లు వారంలో రెండు రోజులు, అరగంట చొప్పున ఒక మోస్తరు శ్రమ చేయాలి. మరో రెండు రోజులో, అవే రోజుల్లోనో కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలి. ఒక మోస్తరు అంటే, నడుస్తూ పక్కమనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం రావాలి. వారానికి రెండుసార్లేగా అనిపిస్తుంది వినేవాళ్లకు. ఎం.ఎస్. అలసట తెలిసినవాళ్లకు అది చిన్న సంఖ్య కాదు. ఆ అలసట నిద్రపోతే తీరేది కాదు, బయటికి కనిపించేదీ కాదు. "బాగానే ఉన్నావుగా" అని పదిమందీ అంటుంటే మన ఒళ్లు మాత్రం మనకు బరువైపోతుంటుంది. విచిత్రం ఏమిటంటే, క్రమం తప్పని వ్యాయామం చాలామందిలో ఈ అలసటనే కొంత తగ్గిస్తుంది. ఆ ఫలితం కనిపించడానికి మాత్రం వారాలు పడుతుంది, ఈలోగా మనసు మొరాయిస్తుంది.

బలం కోసం నేను చేసేది వంటింట్లోనే. స్టవ్ పక్కన చేతుల్లేని గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేసుకున్నాం. పప్పు పొయ్యి మీద పెట్టి, కుక్కర్ విజిల్స్ వేసేలోపు ఆ కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి నిలబడటం, మళ్లీ మెల్లగా కూర్చోవడం. ధబీమని కూలబడకూడదు, మెల్లగా కూర్చునేటప్పుడు కూడా తొడల్లో బలం పెరుగుతుంది. తర్వాత ప్లాట్‌ఫామ్ అంచు పట్టుకుని మడమలు ఎత్తి దించడం. కాలు వణకడం మొదలైతే ఆగిపోతాను. పిక్కలు బిగుసుకుపోయేవాళ్లు వాటిని మెల్లగా సాగదీసే పద్ధతి ఫిజియోథెరపిస్ట్ దగ్గర ఒకసారి నేర్చుకుంటే మంచిది, యూట్యూబ్ చూసి కాదు. యోగా చేసేవాళ్లు వృక్షాసనం లాంటివి గోడ పక్కనే వేయాలి. ఇంకో సంగతి, వ్యాయామం ఉన్న రోజు డాబా మీద బట్టలు ఆరేసే పని నాకు లేదు. అది మావారిది. ఈ ఏర్పాటు లేకపోతే ఏ టైమ్‌టేబులూ నిలబడదు.

ఇక తిండి. ఎం.ఎస్. ఉందని నలుగురికీ తెలిస్తే ముందు తలుపు తట్టేది పథ్యాలే. పాలు మానెయ్, గోధుమ మానెయ్, ఉప్పు మానెయ్. వీటిలో అన్నిటికంటే పాతది రాయ్ స్వాంక్ అనే అమెరికన్ వైద్యుడిది. నార్వేలో చేపలు తినే తీరప్రాంతాల్లో ఈ జబ్బు తక్కువగా, పాలు వెన్న ఎక్కువగా వాడే లోపలి పల్లెల్లో ఎక్కువగా ఉందని ఆయన గమనించారు. 1940ల చివర్లో కెనడాలోని మాంట్రియల్‌లో తన రోగుల చేత సంతృప్త కొవ్వు, అంటే నెయ్యి, వెన్న లాంటివాటిలో ఎక్కువగా ఉండే కొవ్వు, బాగా తగ్గించిన తిండి తినిపించడం మొదలుపెట్టి, 34 ఏళ్లు వాళ్లను కనిపెట్టుకుని ఉన్నారు. ఆ కొవ్వు రోజుకు 20 గ్రాములకు మించకుండా తిన్నవాళ్లు మేలుగా ఉన్నారని 1990లో రాశారు. ఆ ఓపికకు దణ్ణం పెట్టాల్సిందే. అయితే పోల్చి చూడటానికి మామూలు తిండి తినే రెండో జట్టును పెట్టలేదు. కాబట్టి ఆ మేలు తిండి వల్లే వచ్చిందని గట్టిగా చెప్పలేం. తర్వాత 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో స్వాంక్ తిండిని, టెర్రీ వాల్స్ అనే డాక్టర్ రూపొందించిన మరో తిండిని పక్కపక్కన పెట్టి చూశారు. రెండింటిలోనూ అలసట తగ్గింది. రెండింటికీ పెద్ద తేడా ఏమీ తేలలేదు. నా మట్టుకు నాకు అర్థమైంది ఇది: చిరుతిళ్లు, నూనె సరుకు మాని కూరగాయలు ఎక్కువగా తినే ఏ పద్ధతైనా మంచిదే. ఎం.ఎస్.ను నయం చేసే పథ్యం మాత్రం ఇంతవరకు ఏదీ లేదు. దాన్ని నమ్మి మందులు ఆపేస్తే పోయేది మనమే.

లెక్కల టీచర్ని కాబట్టి ఒక లెక్క. పెద్ద చెంచాడు నెయ్యిలో దగ్గరదగ్గర 9 గ్రాముల సంతృప్త కొవ్వు ఉంటుంది. ముద్దపప్పు, ఆవకాయ, మీద రెండు చెంచాల నెయ్యి వేసుకుంటే స్వాంక్ గారి రోజు కోటా అక్కడికే దాదాపు అయిపోయింది. నేను నెయ్యి మానలేదు. చెంచా మార్చాను. పళ్లెంలో అన్నం చోటు తగ్గించి కూర చోటు పెంచాను. మధ్యాహ్నం నిండా అన్నం తింటే ఆరో పీరియడ్‌లో నాకు బోర్డు కనిపించదు. పొద్దున చోడి జావో పెసరట్టో, మధ్యాహ్నం కాస్త అన్నం, ఆకుకూర పప్పు, మజ్జిగ. అవిసె గింజల కారప్పొడి ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. ఈ జబ్బులో మలబద్ధకం చాలామందిని పీడిస్తుంది, దానికి పీచు కావాలి.

పీచు తిన్నంత మాత్రాన సరిపోదు, నీళ్లు తాగాలి. అక్కడే చిక్కు. మూత్రం ఆపుకోలేమన్న టెన్షన్‌తో, ముఖ్యంగా ఆడవాళ్లు, పొద్దున్నే ఇంట్లో బయల్దేరేటప్పుడే నీళ్లు మానేస్తారు. బస్సులో వెళ్లాలి, స్కూల్లో బాత్రూమ్ ఎలా ఉంటుందో అన్న భయం. దాంతో మలబద్ధకం పెరుగుతుంది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది. పగలంతా కొంచెం కొంచెంగా తాగి, రాత్రి పడుకునే ముందు తగ్గించాలి. ఆపుకోలేని ఇబ్బందికి మందులున్నాయి. సిగ్గుపడకుండా డాక్టర్‌ని అడగాలి.

చుట్టాలు ప్రేమతో తెచ్చే కషాయాల గురించి మాత్రం కటువుగానే చెబుతాను. "ఇమ్యూనిటీ పెరుగుతుందమ్మా, తాగు" అంటూ తిప్పతీగ తెస్తారు. మన జబ్బే రక్షణ వ్యవస్థ అతిగా పనిచేయడం వల్ల వచ్చింది. దాన్ని అదుపులో పెట్టడానికి ఖరీదైన మందులు వాడుతూ, మరోపక్క దాన్ని రెచ్చగొట్టేవి తాగడం ఏం తెలివి? పైగా తిప్పతీగ వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే బయటపడ్డాయి. ఏ పొడి అయినా, ఏ కషాయమైనా న్యూరాలజిస్టుకు చెప్పాకే. డి విటమిన్ సంగతీ అంతే. అమెరికాలో జరిగి 2023లో ఫలితాలు వెలువడిన పరీక్షలో పెద్ద మోతాదు వల్ల రిలాప్స్‌లు తగ్గలేదు. 2025లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫలితాల్లో, జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లకు కొంత మేలు కనిపించింది. రక్తపరీక్షలో లోటు ఉంటే డాక్టర్ రాసినంతే వేసుకోవాలి. మెడికల్ షాపులో అడిగి ఎడాపెడా మింగితే రక్తంలో కాల్షియం పెరిగి కొత్త గొడవ మొదలవుతుంది. ఎం.ఎస్.కు ఇచ్చే డైమిథైల్ ఫ్యుమరేట్ అనే మందు వాడేవాళ్లు ఖాళీ కడుపున కాకుండా తిండితో పాటు వేసుకుంటే ముఖం ఎర్రబడటం, కడుపు మంట తగ్గుతాయి. పొగ తాగేవాళ్లకు ఒక్కటే మాట, మానేయండి. ఈ జబ్బును పొగ త్వరగా ముదరబెడుతుంది.

ఇంట్లో వాళ్లకు ఒక విన్నపం. పేషెంటుకు విడిగా చప్పిడి కూర వండి పెట్టకండి. మా ఇంట్లో అందరికీ ఒకే వంట. మొదట్లో పిల్లలు మూతి ముడిచారు, అత్తయ్యగారు "పండగ పూట కూడా ఇదేనా" అన్నారు. ఇప్పుడు ఆవిడ షుగరు కూడా అదుపులో ఉంది, ఆ సంగతి మాత్రం ఒప్పుకోరు.

చివరగా, ఎప్పుడు ఆపాలో కూడా తెలియాలి. జ్వరం వచ్చినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా పాత లక్షణాలు పైకొస్తాయి, అవి తగ్గాక సర్దుకుంటాయి. జ్వరం లాంటిదేమీ లేకుండా కొత్త లక్షణం ఏదైనా 24 గంటలు దాటి అలాగే ఉంటే డాక్టర్‌కి ఫోన్ చేయండి, అది రిలాప్స్ కావచ్చు. అప్పుడు నడక, వ్యాయామం పక్కన పెట్టాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే ఆకలి విపరీతంగా వేస్తుంది, షుగరు పెరుగుతుంది. ఆ రోజుల్లో తీపి, ఉప్పు తగ్గించి, ఆకలేసినప్పుడు కీరాదోస ముక్కలో మజ్జిగో అందుబాటులో పెట్టుకోండి. కోలుకున్నాక వెనకటి లెక్క నుంచి మొదలుపెట్టొద్దు. మొదటి వారం కుర్చీలోంచి లేచి కూర్చోవడం చాలు, నడక ఎంత దూరమన్నది ఫిజియోథెరపిస్ట్ చూసి చెబుతారు.

సెలవు. నమస్కారం.