రెండు జీబీల యంత్రం, పది అడుగుల బ్యానరు

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సగం మంది డీటీపీ, ఫ్లెక్సీ పనుల్లో ఉన్నవాళ్లు, మిగతా సగం పాలిటెక్నిక్ పిల్లలు అని చెప్పారు. పిల్లలకు ముందే ఒక మాట. ఇంకా విండోస్ ఎక్స్‌పీ ఏంటని మా అన్నల షాపుల్లోని కంప్యూటర్లను చూసి నవ్వకండి. పేజీలు కూర్చడానికి 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, దాని పక్కన తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టిన అను ఫాంట్లు. పాతికేళ్ల శుభలేఖలు, కరపత్రాలు, ఓటరు స్లిప్పులు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ అక్షరాలను తెచ్చి కొత్త సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాల ముద్ద వస్తుంది. అందుకని ఆ యంత్రం కదలదు. బొమ్మల పని కూడా దాని నెత్తినే పడుతుంది. ఆ పాత యంత్రం మీదే పెద్ద బొమ్మలు ఆగకుండా ఎలా చేయాలో ఇవాళ చెబుతాను.

నా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. ఎన్నికల రోజులు. పది అడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఫ్లెక్సీ. యంత్రంలో ఉన్నది 1 జీబీ ర్యామ్, ఫోటోషాప్ 7. పొద్దున మొదలెట్టాడు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి చూస్తే నాయకుడి మొహం సగమే కనబడుతోంది, హార్డ్‌డిస్కు లైటు ఆరకుండా వెలుగుతోంది.

"ఎంత రెజల్యూషన్ పెట్టావురా?"

"200 అన్నా. 300 పెడదామంటే తీసుకోలేదు."

ఎందుకు తీసుకోలేదో వాడు ఆలోచించలేదు. పది అడుగులంటే 120 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కలైతే 36,000. ఫోటోషాప్ 7లో ఒక పక్కకు 30,000 పిక్సెళ్లే, అంటే చుక్కలే, హద్దు. సాఫ్ట్‌వేరే వద్దని మొత్తుకుంటే మనవాడు దాన్ని బతిమాలి 200కి ఒప్పించాడు. 24,000 నిలువు వరుసలు, 14,400 అడ్డ వరుసలు, పిక్సెల్‌కు సీఎంవైకే అనే అచ్చు రంగులు నాలుగు, రంగుకో బైటు. గుణించండి. దాదాపు 1.3 జీబీ. ఒక్క లేయరుకే, అంటే బొమ్మలో ఒక్క పొరకే! ఉన్న ర్యామ్ 1 జీబీ, అందులో విండోస్ తిన్నది పోగా మిగిలినది ఎంతో మీకే తెలుసు.

అదే బ్యానరు 72 చుక్కలతో చేస్తే 171 ఎంబీ. 40తో చేస్తే 53 ఎంబీ.

"మరి బొమ్మ పగిలి గళ్లు గళ్లుగా కనబడదా సార్?" అని అడుగుతారు. ఈ 300 అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఆ భయం పోతుంది. మామూలు చూపున్న మనిషి కన్ను విడదీసి చూడగల కనీస కోణం డిగ్రీలో అరవయ్యో వంతు. పుస్తకాన్ని అడుగు దూరంలో పట్టుకుంటే ఆ కోణం అంగుళానికి సుమారు 286 చుక్కల లెక్కకు వస్తుంది. కాబట్టి చేతిలో పట్టుకునే శుభలేఖకు 300 న్యాయమే. అదే కన్ను ఐదడుగుల దూరం నుంచి 57 చుక్కలే పట్టగలదు. ఇరవై అడుగుల నుంచైతే 14. ఫ్లెక్సీ కట్టేది కరెంటు స్తంభానికి, చూసేది బండి మీద పోయేవాడు. దూరాన్ని అంగుళాల్లో వేసుకుని 3438ని దాంతో భాగించండి, ఎన్ని చుక్కలు చాలో వస్తుంది. ఈ ఒక్క లెక్క మీ షాపు గోడ మీద రాసిపెట్టుకోండి. ఫ్లెక్సీకి 72 పెడితే అది కూడా నా దృష్టిలో ధారాళమే.

ఫైలు సైజు చూసి మోసపోవడం ఇంకొకటి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో 2 ఎంబీ అంటారు. అది మూట కట్టిన జేపెగ్. మూట విప్పితే, 4,000 బై 3,000 ఫోటో ర్యామ్‌లో 34 ఎంబీ ఆక్రమిస్తుంది. పదిమంది కార్యకర్తల ఫోటోలు ఒకేసారి తెరిచి పెట్టుకున్నారంటే 340. చివరికి బ్యానరు మీద ఒక్కొక్కరి మొహం అరచేయంత. ఫోటో తెరిచే ముందే రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో పిక్సెళ్లు చూడండి. ఒక్కోటే తెరిచి, చిన్నది చేసి, సేవ్ చేసి మూసేయండి. ఆ తర్వాతే బ్యానరు తెరవండి.

ఫోటోషాప్‌లో ఏ4 కాగితం 300తో, ఆర్‌జీబీ అనే మూడు తెర రంగుల్లో కొత్త ఫైలు తెరిస్తే కింద 24.9ఎం అని పడుతుంది. డీటీపీ వాళ్లందరికీ కంఠస్థమైన అంకె అది. దాని పక్కన చిన్న బాణం ఉంటుంది, దాన్ని మాత్రం ఎవరూ నొక్కరు. నొక్కితే వచ్చే వరుసలో ఎఫిషియెన్సీ అని ఉంటుంది, అది పెట్టుకోండి. 100 శాతం చూపిస్తే పని అంతా ర్యామ్‌లోనే జరుగుతున్నట్టు. 60కి పడిందంటే స్క్రాచ్ డిస్కు మీద, అంటే ర్యామ్ చాలక హార్డ్‌డిస్కులో తీసుకున్న జాగా మీద నడుస్తున్నట్టు. ర్యామ్ నుంచి ఒక ముక్క తేవడానికి సెకనులో కోటో వంతు పడితే, తిరిగే హార్డ్‌డిస్కు నుంచి తేవడానికి వందో వంతు పడుతుంది. లక్ష రెట్లు తేడా. వంటింట్లో ఉన్న ఉప్పుకు పక్క జిల్లాకు పోయి వచ్చినట్టు. మన నాయకుడి మొహం సగంలో ఆగిపోయింది అందుకే.

అసలు ఈ సాఫ్ట్‌వేర్లు పుట్టింది ఇంతకంటే ఇరుకులో. 1990లో ఫోటోషాప్ మొదటిసారి మార్కెట్లోకి వచ్చినప్పుడు లేయర్లు లేవు, అవి 1994లో వచ్చాయి. 1998లో హిస్టరీ వచ్చేదాకా వెనక్కి పోవడానికి ఒక్క అడుగే. రాసినవాళ్లకు తెలియక కాదు. వెనక్కి పోవాలంటే పాత బొమ్మను ఎక్కడో దాచాలి, దాచడానికి జాగా లేదు. మన ఫోటోషాప్ 7లో మామూలుగా 20 అడుగులు ఇచ్చారు. బ్రష్ గీతకు మారిన ముక్క వరకే దాస్తుంది, ఫర్వాలేదు. కానీ బొమ్మ మొత్తానికి వెలుగునీడలు సరిచేసే లెవెల్సో, మసకబరిచే బ్లరో కొట్టారంటే మొత్తం దాచాలి. 171 ఎంబీ ఫైలుకు ఐదుసార్లు కొడితే 850 ఎంబీ పైన! పాత యంత్రంలో హిస్టరీని ఐదుకు తగ్గించండి. తప్పు చేయరని కాదు, చేసే ముందు వేరే పేరుతో సేవ్ చేసుకోవచ్చు కదా. ఎడిట్‌లో పర్జ్ అని ఒకటుంది, దాచిన పాత ముక్కలను ఊడ్చేస్తుంది, గండం దాటిన ప్రతిసారీ అది నొక్కండి.

అక్షరాలను మాత్రం ఫోటోషాప్‌లో పెట్టకండి. ఇది నా పట్టుదల అనుకున్నా సరే. బొమ్మను మాత్రమే అక్కడ చేసి, కోరెల్‌డ్రాలోకి తెచ్చుకుని పేర్లు, నినాదాలు, పార్టీ గుర్తు అక్కడ పెట్టండి. కోరెల్‌కు అక్షరమంటే కొన్ని వంపుల లెక్క. అడుగు ఎత్తున్నా, అంగుళం ఎత్తున్నా దానికి అంతే బరువు. 40 చుక్కల బ్యానరు మీద కూడా అంచులు కత్తిరించినట్టు వస్తాయి. ఉచితం కావాలంటే ఇంక్‌స్కేప్ ఉంది, అందులో యూనికోడ్ తెలుగు, అంటే మన ఫోన్లలో కనబడే తెలుగు, రాసుకోవచ్చు.

ఫోటోషాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్ వాడేవాళ్లు ఇక్కడ ఇద్దరు ముగ్గురున్నట్టున్నారు. దాన్ని బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టారు. ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ రిసోర్సెస్ తెరిస్తే టైల్ క్యాష్ అని ఉంటుంది. గింప్ బొమ్మను చిన్న చిన్న పలకలుగా కోసి పెట్టుకుంటుంది, ఎన్ని పలకలు ర్యామ్‌లో ఉంచాలో అక్కడ చెబుతాం. మరీ తక్కువ పెడితే ర్యామ్ ఖాళీగా ఉన్నా డిస్కుకు పోతుంది. మరీ ఎక్కువ పెడితే మొత్తం కంప్యూటరే మూలుగుతుంది. 2 జీబీ యంత్రంలో నేను 1 జీబీ పెడతాను. బొమ్మ ప్రెసిషన్, అంటే ఒక్కో రంగుకు వాడే బిట్ల లెక్క, 8 బిట్‌లో ఉంచండి. 32 బిట్‌కు మారిస్తే అదే బొమ్మ నాలుగింతలు తింటుంది, ఫ్లెక్సీలో ఆ తేడా ఎవరికీ కనబడదు.

ఇక కొనే సంగతి. 32 బిట్ ఎక్స్‌పీలో 8 జీబీ ర్యామ్ వేయించి సంబరపడ్డవాళ్లను చూశాను. ఆ విండోస్‌కు 4 జీబీ దాటి కనబడదు, ఒక్కో సాఫ్ట్‌వేర్‌కు దక్కేది మామూలుగా రెండే. డబ్బులుంటే ముందు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, వేయించండి. స్క్రాచ్ తప్పనప్పుడు కనీసం ఆ పరుగైనా తగ్గుతుంది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. అందుకని పేజ్‌మేకర్ యంత్రానికి నెట్ తీగ తీసేయండి. పెన్‌డ్రైవ్ చాలు. వాడని ఫాంట్లు వందలకొద్దీ ఉంటే తీసి పక్కన దాచండి, సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడంలోనే తేడా తెలుస్తుంది. పాటల కోసం బ్రౌజర్ తెరిచి పెట్టుకునే అలవాటుందా? పాటలు ఫోన్‌లో వినండి నాన్నా.

నేను వెంట తెచ్చినది కోర్ 2 డుయో, 2 జీబీ. అదిగో, ఆ మూల బల్ల మీద ఉంది. మీ షాపులో తెరుచుకోకుండా ఆగిపోయిన ఫైలు ఎవరి పెన్‌డ్రైవ్‌లోనైనా ఉంటే పట్టుకుని రండి. ఎన్ని అడుగుల బ్యానరు, ఎంత దూరం నుంచి చూస్తారు, ఈ రెండూ చెప్పండి. కాలిక్యులేటర్ నా దగ్గరుంది.